కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి. నాన్నకు 61 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నెల్లూరులో పెమెట్రెక్సెడ్ కీమో చేయిస్తున్నాం. ప్రతిసారీ మూడు రోజులు డెక్సామెథసోన్ మాత్రలు ఇస్తున్నారు. అది స్ట్రెస్ హార్మోన్ మందనీ, క్యాన్సర్‌ను మొండిగా మారుస్తుందనీ ఫోన్‌లో వీడియో చూసి నాన్న వద్దంటున్నారు. మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మానొద్దండి. ఆ వీడియోలోది గాలిమాట కాదు గానీ, సగమే చెప్పారు.

టెన్షన్ పడితే మన ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. డెక్సామెథసోన్ దానిలాగే పనిచేసే, అంతకంటే చాలా ఘాటైన మందు. ఇది తగిలిన కొన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు చావకుండా, పెరగకుండా నిద్రలోకి జారుకుంటున్నాయని 2021లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో గమనించారు. కీమో ఎక్కువగా దెబ్బతీసేది చురుగ్గా విభజన చెందే కణాలను. పడుకున్నవి తప్పించుకుంటాయేమోనన్నదే అనుమానం. ల్యాబ్‌లో చూసినదాన్ని మీ నాన్నగారి మూడు రోజుల మాత్రలకు అంటగట్టలేం.

పెమెట్రెక్సెడ్‌తో ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. అందుకే కీమో ముందురోజు, ఆ రోజు, మర్నాడు సాధారణంగా 4 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా ఇస్తారు. వాంతులూ తగ్గుతాయి. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. షుగర్ ఉంటే ఆ మూడు రోజులు తప్పక చూసుకోండి, బాగా పెరుగుతుంది. రాత్రి నిద్ర పట్టకపోతే రెండో మాత్ర మధ్యాహ్నానికి జరపొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి.

ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) సంగతి వేరు. అది మొదలుపెట్టే నాటికే రోజూ 10 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవారిలో ఫలితం తక్కువగా కనిపించింది. వాళ్లలో చాలామందికి జబ్బు అప్పటికే ముదిరి ఉంది కాబట్టి తప్పంతా మందుదే అనలేం. ఆ చికిత్స వల్ల ఊపిరితిత్తులు వాస్తే, మళ్లీ స్టెరాయిడే దిక్కు!

నన్నడిగితే వీడియో కన్నా భయపడాల్సింది మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేయించుకునే సూదులకు. చీటీ ఉండదు, పేరు తెలియదు. వాటిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినా బీపీ పడిపోయి ప్రమాదం. అలాంటివేమైనా వేయించుకుంటున్నారేమో నాన్నగారిని నెమ్మదిగా అడగండి. ఈసారి నెల్లూరు వెళ్లేటప్పుడు ఇంట్లోని మాత్రల షీట్లన్నీ, పొట్లం కట్టిచ్చిన విడి మాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లి క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి.