తోటలో వర్తకపు ఆట ఆడించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మేనత్త ఆశీస్సులు.

మీ బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 120 మందిని సంక్రాంతి సెలవుల తరువాత ఒక తోటకు తీసుకువెళ్లి, సరుకు కొని అమ్ముకుంటూ, తరిమేవారికి చిక్కకుండా తిరిగే పెద్ద ఆటను ఆడించాలనుకుంటున్నావని, అది ఎలా నడపాలో చెప్పమని రాశావు. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా, స్కౌటు ఉద్యమంలో బాలికల దళాన్ని నడిపే గైడ్ కెప్టెన్‌గా కోనసీమ తోటల్లో ఇటువంటి ఆటలు ఆడించినదాన్ని కనుక నాకు తెలిసినదంతా చెబుతాను. అన్నిటికన్నా ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి నాయనా. ఈ ఆటలో పరుగు కన్నా బేరం పెద్దదిగా ఉండాలి. పరుగే పెద్దదైతే జట్టుకు ఇద్దరు ముగ్గురు చురుకైనవాళ్లు మాత్రమే ఆడతారు, మిగిలినవాళ్లు నీడన కూర్చుని గంట ఎప్పుడు కొడతారా అని చూస్తుంటారు. బేరం పెద్దదైతే పరుగెత్తలేని పిల్లకూ, లెక్క చురుగ్గా వచ్చే పిల్లవాడికీ, మాట నేర్పు ఉన్నవాళ్లకూ జట్టులో విలువ వస్తుంది. కింద రాసిన నియమాల్లో చాలా వరకు ఇందుకోసం పెట్టినవే.

ఇటువంటి ఆటలు మన బడుల్లోకి స్కౌటు ఉద్యమంతో వచ్చాయి. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో ఆ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ తొలి శిబిరం నడిపాడు; మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. చాలామంది ఈ ఆటకు సముద్రపు దొంగల కథనో, మరే దేశపు అడవి కథనో తగిలిస్తారు. మనకు ఆ అరువు అక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన కాలువలు పొలాలకు నీరివ్వడంతోపాటు పడవలకు దారులు కూడా అయ్యాయి, ధాన్యమూ కొబ్బరీ వాటి మీదనే లాకులు (కాలువలో నీటిమట్టం మారే చోట పడవలను దాటించే తలుపులు) దాటుకుంటూ ప్రయాణం చేశాయి. నీ పిల్లలను పడవ వర్తకులను చెయ్యి. తరిమేవాళ్లను సుంకరులను, అంటే సుంకం వసూలు చేసేవాళ్లను చెయ్యి. తోటలో ఐదు సంతలు పెట్టి అంబాజీపేట, రావులపాలెం, ఆత్రేయపురం, కడియం, ఉప్పాడ అని పేర్లు పెట్టు. ఏ సంతలో ఏ సరుకు దొరుకుతుందో పిల్లలకు వేరే చెప్పనవసరం లేదు. వరుసగా కొబ్బరి, అరటి, పూతరేకులు, మొక్కలు, జాందానీ చీరలు అని వాళ్లే చెప్పేస్తారు. నియమాలు వివరించే సమయం సగానికి సగం తగ్గుతుంది.

ఇక స్థలం సంగతి. పది పన్నెండు ఎకరాలు 120 మందికి సరిపోతుంది. అంతకు మించితే పెద్దవాళ్ల చూపు ఆనదు, బాగా తగ్గితే సుంకరుల నుంచి తప్పించుకునే చోటు ఉండదు. ఒక పక్క కొబ్బరి తోట, దానిని ఆనుకుని సరుగుడు తోట ఉన్న చోటు దొరికితే అంతకన్నా మంచిది లేదు. సరుగుడులో నేల మెత్తగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదు, కానీ వరుసలు తిన్నగా ఉండడం వల్ల దూరం నుంచే మనిషి కనిపిస్తాడు. కొబ్బరిలో అంతరపంటగా అరటో కోకోనో ఉంటే దాక్కోవడానికి వీలుంటుంది, కానీ రైతుకు నష్టం జరిగే అవకాశమూ ఉంటుంది. కాబట్టి ఏ చాళ్లలోకి పిల్లలు పోకూడదో రైతుతో కలిసి నడిచి, అతని ఎదుటే తాడు కట్టించు. అనుమతి నోటిమాటగా తీసుకున్నా, ఆట రోజున రైతును పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టడం మన మర్యాద. కోరింగ మడ అడవుల వైపు ఆలోచన పోనివ్వకు. అది 1978 నుంచి అభయారణ్యం, పైగా అక్కడ రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు వచ్చి బురద దారులను ముంచుతుంది. అది చూసి నేర్చుకునే చోటు, పరుగులు తీసే చోటు కాదు.

కొబ్బరి తోట ఎంచుకుంటే దింపు, అంటే కాయల కోత, ఎప్పుడు తీశారో తప్పక అడుగు. దింపు తీసిన వారం లోపల ఆడించడం క్షేమం. ముదురు కాయలు, ఎండు మట్టలు వేలాడే చెట్టు కింద సంత గానీ, నీళ్ల డ్రమ్ము గానీ పెట్టకూడదు, ఎందుకంటే పిల్లలు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. కొబ్బరి డొక్కల గుట్టలు, మట్టల గుట్టలు, పాత పుట్టలు ఉన్న చోట్లను ఆట హద్దుకు బయట ఉంచు. సార్వా (తొలి పంట) వరి కోతలయ్యాక ఎలుకల వెంట పాములు గట్లకూ తోటలకూ చేరతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ మన దగ్గర ఉన్నవే. ముందు రోజు సాయంత్రమూ, ఆ ఉదయమూ నలుగురు మనుషులు కర్రలతో చప్పుడు చేస్తూ తోట అంతా తిరగాలి. పిల్లలు చెప్పులతో కాదు, బూట్లతో రావాలి. ఎవరినైనా పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వంటివి ఎవరినీ చేయనివ్వకు. ఆ కాలో చెయ్యో కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ఆట రోజుకు ముందే కనుక్కుని ఉండాలి.

పాము కన్నా నేను ఎక్కువగా భయపడేది నీటికి. మన దగ్గర ఏ తోటకైనా ఒక పక్క బోదో (చిన్న పంటకాలువ), కాలువో, చేపల చెరువో ఉండి తీరుతుంది, గట్టు లేని నేల బావులూ ఉంటాయి. తరుముతుంటే పారిపోయే పిల్ల ముందు ఏముందో చూడదు. నీటికి ముప్ఫై అడుగుల ఇవతలే హద్దు తాడు కట్టించు. ఆ హద్దు మీద ఈత వచ్చిన పెద్దవాళ్లను నిలబెట్టు, వాళ్లకు ఆటలో మరే పనీ అప్పగించకు. రొయ్యల చెరువు పక్కన ఆడించనే వద్దు, అక్కడ నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలు గట్ల మీద పాకి ఉంటాయి.

ఇప్పుడు అసలు ఆట. పన్నెండు మంది చొప్పున పది జట్లు చెయ్యి. అన్నిటికీ నడిమధ్య, జట్లు ఆట డబ్బు దాచుకునే బ్యాంకు ఉంటుంది, జట్ల మకాములన్నీ దాని చుట్టూనే. ప్రతి జట్టుకూ మొదట 60 రూపాయల ఆట డబ్బు ఇవ్వు. నిజం సరుకు ఉండదు, దాని బదులు చీటీలే. ప్రతి సంతా తన సరుకును చీటీకి 10 రూపాయల చొప్పున ఒకటే ధరకు అమ్ముతుంది, మిగిలిన నాలుగు సరుకులను కొంటుంది. దగ్గరి సంత సరుకుకు 14 ఇస్తుంది, తోట అవతలి చివరి నుంచి వచ్చినదానికి 24 ఇస్తుంది. ఒక్కొక్కరు ఒకసారికి రెండు చీటీలకు మించి మోయకూడదు. ఈ చివరి నియమాన్ని సడలించమని ఎవరు అడిగినా సడలించకు. రెండే మోయగలిగితే వేగంగా పరుగెత్తేవాడు ఒక్కడే జట్టును గెలిపించలేడు, అందరూ కదలవలసి వస్తుంది. మొదటి 60 రూపాయలకు వచ్చే ఆరు చీటీలకు ముగ్గురు మనుషులు కావాలి, ఆ ముగ్గురు ఎవరో, దగ్గరికి పోవాలో దూరం పోవాలో జట్టు కూర్చుని తేల్చుకోవాలి.

ధరలు కదలకపోతే పావుగంటలో ఆట చచ్చిపోతుంది. ఒక జట్టు మంచి దారి కనిపెట్టగానే మిగిలిన తొమ్మిదీ అదే పట్టుకుంటాయి. అందుకని ఏ సంతలోనైనా ఒకే సరుకు పది చీటీలు వచ్చి పడగానే ఆ సరుకు ధర రెండు రూపాయలు తగ్గాలి, కానీ ఎన్నడూ 10 కన్నా కిందికి పోకూడదు. పావుగంట సేపు ఎవరూ తేకపోతే రెండు రూపాయలు పెరగాలి. ధరలు పలక మీద సుద్దముక్కతో రాయించు. అప్పుడు జట్టులో ధరలు చూసి వచ్చి చెప్పే మనిషి అవసరమవుతుంది, ఆ వార్తను నమ్మాలా, అది వచ్చేసరికే పాతబడిందా అని ఆలోచించే మనిషీ అవసరమవుతుంది. సంతలో కూర్చునే ఉపాధ్యాయులు ఇద్దరేసి ఉండాలి. ఒకరు లెక్క చూస్తారు, మరొకరు బేరం ఆడతారు. బాగా బేరమాడిన పిల్లకు రూపాయో రెండో ఎక్కువిచ్చే స్వేచ్ఛ వాళ్లకు ఉండాలి. గొంతు విప్పని పిల్ల రెండు రూపాయలు ఎక్కువకు చీర అమ్మి జట్టు దగ్గరికి తిరిగి వస్తున్నప్పుడు ఆమె ముఖం చూడు, ఈ ఆట ఎందుకు ఆడించాలో నీకే తెలుస్తుంది.

సుంకరులుగా దగ్గరి జూనియర్ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులను పన్నెండు మందిని పిలువు. మొదట ఎనిమిది మందినే వదిలి, చివరి అరగంటలో మిగిలిన నలుగురినీ దింపితే వేడి పెరుగుతుంది. ఒంటి మీద చెయ్యి వేసి పట్టుకోవడం పూర్తిగా నిషేధించు. ప్రతి పిల్లా దర్జీ కొట్టు నుంచి తెచ్చిన గుడ్డముక్కను వెనుక నడుము దగ్గర అడుగు పొడవు కనబడేలా దోపుకోవాలి, ముడి వేయకూడదు, సుంకరి దానిని లాగితే చిక్కినట్టు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడే ఆటలో ఇదే మర్యాద, పైగా తగిలింది తగల్లేదు అన్న తగువు కూడా ఉండదు.

చిక్కిన పిల్ల ఏం కావాలన్నది నువ్వు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసిన విషయం. కబడ్డీలో ఔటైనవాడు కాసేపటికి లేస్తాడు. ఇక్కడ ఔటన్న మాటే ఉండకూడదు. చిక్కినవాళ్లు చేతిలో ఉన్న రెండు చీటీల్లో ఒకటి, సరుకు లేక డబ్బే ఉంటే 10 రూపాయలు సుంకంగా కడతారు. సుంకరి గుడ్డ తిరిగిచ్చి చెల్లు చీటీ రాసి ఇస్తాడు, తరువాతి సంత చేరేదాకా వాళ్లను మరెవరూ ముట్టకూడదు. వట్టి చేతులతో ఉన్నవాళ్లను పట్టుకున్న సుంకరి మాత్రం అక్కడే నిలబడి యాభై లెక్కపెట్టాలి. ఈ ఒక్క నియమంతో ఆట రంగు మారిపోతుంది. సరుకు లేనివాళ్లు కావాలని సుంకరుల కంటబడి వాళ్లను పక్కదారి పట్టిస్తారు, ఆ సందులో సరుకు దాటిపోతుంది. నెమ్మదిగా నడిచే పిల్ల ఆ పనిని అందరికన్నా బాగా చేయగలదు. ఎన్ని పట్టారని సుంకరులకు లెక్క కట్టి బహుమతి ఇవ్వకు. ఇస్తే వాళ్లు బలహీనుల వెంటనే పడతారు. సంతకు ఇరవై అడుగుల దూరంలో ముగ్గుపిండితో గిరి గీయించి, దాని లోపలికి సుంకరి రాకూడదని చెప్పు. సంతల మధ్య మూడు నాలుగు చోట్ల లాకులు పెట్టు. అది ఒక చిన్న గిరి, ఒక్కరే నిలబడవచ్చు, యాభై లెక్కపెట్టేదాకా క్షేమం, ఆ తరువాత కదలాలి.

ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి పదిన్నరకు ముగించు. మంచు విడుతుంది, ఎండ ముదరదు. మధ్యాహ్నం పెట్టుకుంటే జనవరిలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. మన గాలిలో తేమ వల్ల చెమట ఆరదు కనుక ప్రతి సంతలోనూ నీళ్లు ఉండాలి, ఆట అయ్యాక మజ్జిగ ఇవ్వాలి. ఈల తోట అవతలికి వినబడదు. డప్పు కళాకారులను ఇద్దరిని పిలిచి, వాళ్లకు తగిన రుసుము ముందే ఇచ్చి, ముప్పావుగంటకు ఒకసారి, ముగింపుకు ఒకసారి వాయించమను. డప్పు మోగగానే ఎక్కడివాళ్లు అక్కడి నుంచి మకాముకు చేరాలి, జట్టు ఉపాధ్యాయుడు తలలు లెక్కపెట్టి బ్యాంకుకు సంఖ్య చెప్పాలి, పది జట్ల సంఖ్యలూ కలిసేదాకా రెండో సగం మొదలుకాకూడదు. ముగింపులో బ్యాంకులో ఉన్న డబ్బే లెక్క, చేతిలో మిగిలిన సరుకుకు విలువ లేదని మొదటే చెప్పు, లేకపోతే చివరి ఐదు నిమిషాలు గొడవతో గడిచిపోతుంది.

ఆటకు వారం ముందు ఇరవై మందితో బడి ఆవరణలోనే అరగంట ఆడించి చూడు. ధరలు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే తేలుతుంది, ఆ ఇరవై మందీ తక్కిన పిల్లలకు నియమాలు నీకన్నా బాగా నేర్పుతారు. తోట ఖాయమయ్యాక పటం గీసి పంపు, బావులూ బోదెలూ ఎర్ర సిరాతో గుర్తించు. రైతుకు వీలైన ఒక ఆదివారం చెబితే నేను వస్తాను, హద్దు తాడు ఎక్కడ కట్టాలో ముగ్గురమూ నడిచి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మేనత్త