రౌటర్ మార్చనంటున్న షాపు: నాకు హక్కు ఉందా?

ప్రశ్న: మాది కాకినాడలో రెండంతస్తుల డాబా. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ పెట్టించుకున్నాం. కొత్త రౌటర్ కోసం షాపుకెళ్లి ఇల్లు ఎలా ఉంటుందో, ప్లాన్ ఏమిటో చెప్పాను. ఆయనే ఒకటి తీసి, "ఇది 300 మోడల్ మేడమ్, మీ 200కి హాయిగా సరిపోతుంది" అన్నారు. కొనేముందు వాట్సాప్‌లో కూడా అదే రాశారు. 1,650 రూపాయలు ఇచ్చాను. స్పీడ్ 94 దాటడం లేదు. మేడ మీద బాబు గదిలో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతోంది. మార్చమంటే బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర చూపిస్తున్నారు. కొని 18 రోజులైంది.
- ఒక పాఠకురాలు

జవాబు: హక్కు ఉందమ్మా. ఆ ముద్ర చూసి టెన్షన్ పడకండి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. రబ్బరు స్టాంపు ఆ చట్టాన్ని కొట్టేయలేదు. మీకింకా 12 రోజులున్నాయి, ఈలోపే రాతపూర్వకంగా అడగండి.

అసలు చిక్కు "లోపం" అన్న మాట దగ్గరుంది. రౌటర్ పాడవలేదు, లైట్లన్నీ వెలుగుతున్నాయి, లోపమెక్కడుందని షాపాయన అంటారు. ఇక్కడే సెక్షన్ 2(10) మీకు అండ. అమ్మకందారు ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గితే, అదీ లోపమే. నోటిమాటగా చేసిన తప్పుడు ప్రకటననూ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. కాకపోతే నోటిమాటను నిరూపించడం కష్టం. మీ దగ్గర వాట్సాప్ మెసేజ్ ఉంది కాబట్టి ఆ ఫోన్ జాగ్రత్త, చాట్ చెరపకండి.

ఇప్పుడు రౌటర్ పెట్టె చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్దగా 300 అని ఉంటుంది. అది వైఫైకి కాగితం మీద గరిష్ఠ వేగం. పక్కవైపు చిన్న అక్షరాల్లో పోర్టుల వరుస చూడండి. "10/100" అని ఉంటే, ఇంటర్నెట్ తీగ గుచ్చే పోర్టు 100కు మించి లోపలికి రానివ్వదు. చేతికొచ్చేది దాదాపు 94, సరిగ్గా మీరు చెప్పిన అంకె. 200 ప్లాన్‌కు గిగాబిట్ పోర్టు, అంటే 1000 వరకు రానిచ్చేది, ఉండాల్సింది.

దీన్ని ఇంట్లోనే రుజువు చేసుకోండి. గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌ను ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాకు నేరుగా తీగతో కలిపి స్పీడ్ చూడండి. తర్వాత అదే తీగను రౌటర్‌కు మార్చి చూడండి. మొదట 200 వచ్చి, తర్వాత 94కు పడిపోతే తప్పు రౌటర్‌దే. రెండింటినీ తేదీ కనపడేలా ఫొటో తీయండి. డబ్బా దగ్గరే 200 రాకపోతే మాత్రం షాపాయన మీద పోకండి, అప్పుడు ఫిర్యాదు ఫైబర్ కంపెనీ మీద. టెలికం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

మీకు మరో బలం 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16. అవసరం చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ అవసరానికి వస్తువు పనికిరావాలి. మీరే ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇమ్మని అడిగి ఉంటే ఈ రక్షణ బలహీనపడేది. మీరలా అడగలేదు, ఎంచి ఇచ్చింది ఆయన.

మేడ గది సంగతి వేరు. స్లాబు, గోడలు దాటేసరికి ఏ సిగ్నలైనా తగ్గుతుంది. మేడ మీదకీ వస్తుందని ఆయన రాసివ్వలేదు కాబట్టి దాన్ని ముఖ్య ఫిర్యాదుగా పెట్టొద్దని నా సలహా. పెడితే అవతలివాళ్లు దాన్నే పట్టుకుని అసలు విషయాన్ని పలచన చేస్తారు.

స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. బిల్లు, చాట్, ఫొటోల నకళ్లు జతచేసి, వారంలో డబ్బు వాపసు కోరండి. పెట్టె, అడాప్టర్ పారేయకండి. కదలిక లేకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అదీ పని చేయకపోతే మీ ఊళ్లోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. 1,650 రూపాయలకు ఇంత శ్రమా అనుకోకండి, ఖర్చులూ నష్టపరిహారమూ కూడా అడగొచ్చు.

మళ్లీ కొనేటప్పుడు 1200 అన్న అంకెను చూసి మురిసిపోకండి. వైఫై సిగ్నల్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వస్తుంది. ఆ అంకె 2.4 బ్యాండ్ 300, 5 బ్యాండ్ 867 కలిపి గుండ్రం చేసింది. 5 బ్యాండ్ వేగమే గానీ గోడల్ని అంత బాగా దాటదు, అందుకే మేడకు ఇంకో మెష్ యూనిట్ (రౌటర్‌తో కలిసి సిగ్నల్‌ను దూరపు గదులకు అందించే డబ్బా) అవసరం కావచ్చు. "గిగాబిట్ పోర్టు, 200 ప్లాన్ కోసం" అని బిల్లు మీదే రాయించి, కింద సంతకం పెట్టించుకోండి.