సభలో ఓటు లేని డెలిగేటే, కానీ గ్రీన్ కార్డుతో ఓటేస్తే నేరం

ప్రశ్న: మా అబ్బాయి గ్రీన్ కార్డు మీద వాషింగ్టన్ డీసీలో ఉంటున్నాడు. పోయినసారి అక్కడి కౌన్సిల్ ఎన్నికలో ఓటేశాడు. ఈసారి డెలిగేట్ ఎన్నికలో కూడా వేయొచ్చని స్నేహితులు అంటున్నారట. డెలిగేటుకు పార్లమెంటులో ఓటే లేదు కాబట్టి అది కూడా ఊరి ఎన్నిక కిందే లెక్కట. నిజమేనా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కాదండీ. వేయొద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

స్నేహితులు చెప్పినదాంట్లో సగం నిజమే. డీసీ రాష్ట్రం కాదు కాబట్టి అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఓటున్న 435 మందిలో దానికి చోటు లేదు. 1970 నాటి చట్టం ఒక డెలిగేటునిచ్చింది. ఆ మనిషి మాట్లాడొచ్చు, బిల్లు పెట్టొచ్చు, కమిటీలో ఓటేయొచ్చు. బిల్లు సభలో తుది ఓటింగుకొచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. మన ఢిల్లీకి లోక్‌సభలో ఓటున్న ఎంపీలు ఏడుగురు! డీసీ వాళ్లు ఫెడరల్ (కేంద్ర) పన్నులన్నీ కడుతూనే ఈ గోడు కారు నంబరు ప్లేట్ల మీద రాసుకుని తిరుగుతుంటారు.

అయితే ఎన్నికైనవాళ్లకు సభలో ఓటుందా లేదా అన్నది మీవాడి కేసులో లెక్కలోకి రాదు. పౌరులు కానివాళ్లు ఏయే ఎన్నికల్లో ఓటేస్తే నేరమో చెప్పే ఫెడరల్ సెక్షన్ 611లో అధ్యక్షుడు, సెనేటర్ల సరసనే ‘డీసీ డెలిగేట్’ అని పేరుపెట్టి రాశారు. ఏడాది దాకా జైలు పడొచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ, దేశం నుంచి పంపేయడానికి అదే కారణమవుతుంది.

కౌన్సిల్ ఓటు వేరు. 2022లో డీసీ చేసిన చట్టం ప్రకారం పౌరులు కాకపోయినా, 30 రోజులుగా అక్కడ ఉంటున్నవాళ్లు మేయరు, కౌన్సిల్ వంటి స్థానిక పదవులకు ఓటేయొచ్చు. వాళ్ల బ్యాలెట్టులో డెలిగేట్ గడి ఉండకూడదు. పొరపాటున ఉన్న కాగితం ఇంటికొస్తే గీత కూడా పెట్టకుండా ఎన్నికల బోర్డుకు తిప్పి పంపమనండి. నమోదు ఫారంలో ‘అమెరికా పౌరుడినే’ అన్న గడిలో టిక్కు పెట్టాడేమో కూడా అడగండి. పెట్టి ఉంటే బోర్డుకు ఉత్తరం రాసేముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవాలి. ఈ స్థానిక చట్టాన్ని ఎత్తేయాలని అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్)లో ప్రయత్నాలు సాగాయి కాబట్టి, ప్రతి ఎన్నికకూ ముందు బోర్డులో కనుక్కోవడం మేలు.

ఇంకొకటి. ఆ డీసీ చట్టం కింద ఓటేసేవాళ్లు వేరే దేశంలో తమకు ఓటుందని చెప్పుకోకూడదు. గుంటూరు ఓటర్ల జాబితాలో మీవాడి పేరు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఫారం-7 పెట్టి తీయించండి.