ఎగ్జిబిట్ నంబర్ 9

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నల్లకుంటలో నేనూ మా ఆవిడా ఉంటాం. అబ్బాయి, కోడలు మియాపూర్‌లో ఉంటారు. మావాడు పెట్టిన కుటుంబ వాట్సాప్ గ్రూపులో 48 మంది ఉన్నారు. నా చమత్కారాలు లేకపోతే ఆ గ్రూపులో ఎవరికీ పొద్దుపోదు. టెక్నాలజీ, రాజకీయాలు, చట్టాలు, దేవుళ్లు, దేన్నీ వదలను, ఎవరినీ పేరు పెట్టి తిట్టను. నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూ మీద ఒక జోకు వేస్తే మా వియ్యంకుడికి కోపం వచ్చింది. మతాన్ని కించపరిచానని, కేసు పెడతానని అన్నాడు. ఆయన ఒత్తిడి వల్లే మావాడు సద్దుల బతుకమ్మ రాత్రి నన్ను గ్రూపులోంచి తీసేశాడు. అడ్మిన్ అయినంత మాత్రాన కన్నతండ్రిని తీసేసే హక్కు ఉందా? నా మీద కేసు నిలుస్తుందా? వాడికి బుద్ధి వచ్చేదెలా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీకంటే రెండేళ్లు పెద్దదాన్ని కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ముందు మీ లా పాయింట్లు తేల్చేద్దాం. తీసేసే హక్కు ఉందా అంటే, ఉంది. గ్రూపు పెట్టింది వాడు. మీరు ఉత్తరంలో అర పేజీ రాసిన రాజ్యాంగం 19వ అధికరణం ప్రభుత్వం మన నోరు నొక్కకుండా కాపాడేది. కొడుకు ఫోన్ దాకా అది రాదు. నెట్‌లో పెట్టే రాతలకు జైల్లో వేసే ఐటీ చట్టం 66ఏని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతి కూడా రాశారు. బాగుంది, కానీ మీ మీద ఎవరూ 66ఏ పెడతామనలేదు కదా. ఇక మీ వియ్యంకుడి బెదిరింపు. పాత ఐపీసీలోని 295ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను గాయపరచడమన్నది అందులోని మాట. ఇన్నేళ్లు కోర్టులో ఫైళ్లు తిప్పిన మీకు అది నాకంటే బాగా తెలుసు. నిజంగా నోటీసు వస్తే వకీలును కలవండి. రాదనే నా నమ్మకం. ఆయనకు కోపం దేవుడి గురించి వచ్చింది కాదు.

లడ్డూ జోకు నేనూ చదివాను. 1994లో వేలంలో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యి పలికిందని రాసి, కింద "వియ్యంకుడుగారి వెంచర్‌లో ప్లాటు బదులు లడ్డూ కొన్నా బాగుండేది" అన్నారు. ఇందులో మతం ఎక్కడుంది? ప్లాటు ఉంది, ఆయన పరువు ఉంది. అల్లుడి తరఫు చుట్టాలందరి ముందూ ఆడపిల్ల తండ్రి వ్యాపారాన్ని అలా అంటే ఎవరికైనా మండుతుంది. దసరాకు జమ్మి పట్టుకుని వాళ్లింటికి వెళ్లి ఉంటే అక్కడితో పోయేది. ఇప్పుడైనా ఒకసారి వెళ్లిరండి, పోతుంది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మీ హాస్యం బాగుందని ఒప్పుకోవాలి. ఎంతైనా కోర్టు మనిషి కదా, పదకొండు స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీయించి, ఎగ్జిబిట్ 1, ఎగ్జిబిట్ 2 అని నంబర్లు వేసి మరీ పంపారు. ఫిరాయింపుల చట్టం 1985లోనే వచ్చిందంటే, నంబరు మారకుండా నెట్‌వర్క్ మారే విద్యను 2011లో కనిపెట్టింది టెలికాం వాళ్లు కాదన్నమాట అని రాశారు చూడండి, దానికి గట్టిగానే నవ్వాను. 420 కాస్తా 318 అయింది, ఇక మోసగాణ్ణి తిట్టాలన్నా కొత్త పుస్తకం కొనుక్కోవాలి అన్నదీ బాగుంది. 2000 నోటులో చిప్ ఉందని ఎవరో పాత ఫార్వర్డ్ పంపితే, "2023 మేలో రిజర్వ్ బ్యాంక్ నోట్లు వెనక్కి రమ్మన్నది ఆ చిప్‌లకు చార్జింగ్ పెట్టడానికే" అన్నారు. ఇవన్నీ పెద్దవాళ్ల మీద, వ్యవస్థల మీద వేసినవి. వాళ్లు తట్టుకోగలరు.

ఆ తర్వాత ఎగ్జిబిట్ 6 దగ్గర ఆగాను. "మా ఇంట్లో చాట్‌జీపీటీ 1984లోనే వచ్చింది. అడక్కుండానే జవాబిస్తుంది, అప్‌డేట్ మాత్రం ఉండదు." 1984 మీ పెళ్లి సంవత్సరమని ఉత్తరం మొదట్లోనే రాశారు. మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను. పదకొండింటిలో ఒకటి గ్రూపులోంచి తీసేసినట్టు వచ్చిన మెసేజ్. మిగిలిన పదిలో ఐదు మీ ఆవిడ మీద వేసినవే. మీరు లెక్కపెట్టుకుని ఉండరు.

ఇప్పుడు తేదీలు చూడండి. నిమజ్జనానికీ సద్దుల బతుకమ్మకూ మధ్య ఇరవై రోజుల పైమాటే. వియ్యంకుడి కోసం తీసేయాలనుకుంటే మీ అబ్బాయి అన్నాళ్లు ఆగుతాడా? మీ ఎగ్జిబిట్ 9 మీద టైం రాత్రి 9:12. తీసేసినట్టు వచ్చిన మెసేజ్, అంటే ఎగ్జిబిట్ 10 మీద 9:31. రెండూ మీరే పక్కపక్కన అంటించి పంపారు. ఆ పందొమ్మిది నిమిషాల మధ్య వియ్యంకుడు ఎక్కడా లేడు.

ఎగ్జిబిట్ 9 ఒక ఫొటో. కాలనీ గ్రౌండ్‌లో బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. పక్కన నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలో మీ ఆవిడ. పట్టుచీర, ఒళ్లో తంగేడు పూలు మిగిలిన గంప. ముందుకు వంగి, వాళ్లతోపాటు చప్పట్లు కొడుతున్నారు. నోరు తెరిచి ఉంది, పాట అందుకున్నట్టున్నారు. మోకాళ్లు సహకరించకపోయినా పండుగ వదులుకోకుండా వచ్చి కూర్చున్న మనిషి ఆవిడ. దాని కింద మీరు రాసింది: "మా ఆవిడ బతుకమ్మ. వర్క్ ఫ్రమ్ కుర్చీ." ఇరవై రెండు మంది పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ ఇరవై రెండు మందిలో మీ అబ్బాయి లేడు.

ఉత్తరంలో ఆవిడ గురించి మీరు రాసింది రెండే చోట్ల. రెండో పేజీలో, వియ్యంకుణ్ణి మీరెంత గౌరవించారో చెప్పడానికి, "మోకాలి ఆపరేషన్‌కు దాచింది కూడా తీసి ఆయన వెంచర్‌లో పెట్టాను" అన్నారు. ఎవరి మోకాలు అన్నది అక్కడ రాయలేదు. చివరి పేజీలో, "మా ఆవిడకు ఇవేమీ పట్టవు. పండుగ నుంచి ఫోన్‌కు చార్జింగ్ కూడా పెట్టుకోవడం లేదు, ఫ్రిజ్ మీద పడేసింది. అడిగితే నాకెవరు చేస్తారు అంటుంది" అన్నారు. మనవడి ఫొటోలు వచ్చే ఫోన్‌ను ఒక నాయనమ్మ చార్జింగ్ లేకుండా వదిలేసిందంటే, అది పట్టకపోవడమని మీకెలా అనిపించిందండీ? ఆ గ్రూపులోని 48 మందిలో ఆవిడా ఒకరు.

మా నాన్నగారూ మీలాగే మంచి మాటకారి. సాయంత్రం అరుగు మీద స్నేహితులు చేరితే మా అమ్మ మీద ఒకటైనా విసరనిదే ఆయనకు టీ దిగేది కాదు. అమ్మ కప్పులు అందిస్తూ నవ్వేది. ఆ నవ్వు ఏమిటో నాకు నలభై దాటాకే అర్థమైంది. అందుకని ఈ విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంది, దాచుకోను. తిరిగి మాట అనలేనివాళ్ల మీద వేసే జోకును నేను హాస్యంగా లెక్కపెట్టను. ఆవిడ ఆ గ్రూపులో మీకు జవాబు రాస్తే అదే 48 మంది "అయ్యో, భర్తను అంత మాట అందా" అనేవారు. ఆ సంగతి మీకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

మీ అబ్బాయి తప్పు కూడా లేకపోలేదు. మియాపూర్ నుంచి వచ్చి, మీ ఎదురుగా కూర్చుని, "నాన్నా, అమ్మ మీద అలా రాయకండి" అనాల్సింది. నోరు రాలేదు, బటన్ నొక్కాడు. నెపం మామగారి మీదికి పోతున్నా ఊరుకున్నాడు. మీ పరువు కాపాడాలనుకున్నాడో, భయపడ్డాడో నేను చెప్పలేను. ఏదైనా వాడికి బుద్ధి చెప్పే ప్రసక్తి లేదు. నన్ను మళ్లీ చేర్చమని అడగకండి. కోడలితో, తమ్ముడితో అడిగించకండి.

ఆ ప్లాటు అమ్ముతారో, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీస్తారో మీ ఇష్టం. ఈ వారంలోనే ఆవిణ్ణి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లోపల ఆయన అడిగేవాటికి ఆవిణ్ణే చెప్పనివ్వండి, మీరు అందుకోకండి. ఆపరేషన్ కావాలో వద్దో, ఎప్పుడు కావాలో ఆవిడ నిర్ణయం. కార్తీకం పోనీ, సంక్రాంతి పోనీ అని వాయిదాలు వేయడం కోర్టుకే వదిలేయండి.

ఫొటో సంగతి కూడా మీ నోటితోనే ఎత్తండి. "తప్పు రాశాను" అని రెండు ముక్కలు చాలు. మూడో ముక్క దగ్గర మీకు చమత్కారం వచ్చేస్తుందని నా భయం. ఆవిడ వెంటనే ఏమీ అనకపోవచ్చు. లేచి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు కూడా. వెళ్లనివ్వండి.

ఆ ఫోన్‌కు మాత్రం మంచితనం చూపిద్దామని మీరు చార్జింగ్ పెట్టకండి. పెట్టాలనిపించిన రోజున ఆవిడే పెట్టుకుంటారు.