దణ్ణం పెట్టిన ప్రతిసారీ దారి దొరక్కూడదు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ నవలిక పూర్తిగా చదివాను. దీవిలో చిక్కుకున్న నీ కథానాయకుడు ప్రతి అధ్యాయం చివరా దేవుడికి దణ్ణం పెడతాడు, వెంటనే సాయం అందుతుంది. నాకు అక్కడే నమ్మకం కుదరలేదు. డేనియల్ డీఫో 1719లో రాసిన ‘రాబిన్సన్ క్రూసో’ (ఓడ పగిలి దీవిలో ఒంటరిగా చిక్కుకున్న క్రూసో అనే మనిషి కథ) ఒకసారి తీసి, అందులో దేవుడు ఎప్పుడెప్పుడు గుర్తొస్తాడో గమనించు.

బార్లీ ఘట్టం దగ్గర ఆగి చదువు. ఓడలోంచి తెచ్చిన కోళ్లదాణా సంచీని క్రూసో బండ పక్కన దులిపేస్తాడు. వానలు పడి, కొన్నాళ్లకు అక్కడ పచ్చటి వెన్నులు కనిపిస్తాయి. విత్తకుండానే మొలిపించాడు దేవుడని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అంతలో సంచీ సంగతి గుర్తొస్తుంది, భక్తి చల్లారిపోతుంది. ఎలకలు కొట్టెయ్యగా ఆ నాలుగు గింజలు మిగలడమూ, నీడపట్టునే పడటమూ దైవకృప కాదా అన్న ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. అంత జరిగినా, ఆ పంటలో గింజ నోట పెట్టుకోవడానికి నాలుగో ఏడు రావలసి వచ్చింది! ఎంత నిజమైన మనసు, ఎంత నిజమైన ఆకలి!

ఇక నీతి. తనతో పాటు బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన జూరీ అనే కుర్రవాణ్ణి క్రూసో ఓ పోర్చుగీసు కెప్టెన్‌కి 60 వెండి నాణేలకు అమ్మేస్తాడు. తర్వాత బ్రెజిల్ తోటలో పనికి మనిషి కావలసి వచ్చినప్పుడే వాణ్ణి వదులుకున్నందుకు బాధపడతాడు. 1659లో ఓడ పగిలింది కూడా ఆఫ్రికా నుంచి బానిసల్ని తేబోయినప్పుడే. దీవిలో కూర్చుని తండ్రి మాట కాదన్న పాపం గురించి కుమిలిపోతాడు గానీ, మనుషుల్ని అమ్మడం పాపమని అతనికి తట్టదు. ఆ గుడ్డితనం చదివి నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆ మనిషి పూర్తిగా తెలిసేది కూడా అక్కడే.

దీవిలో క్రూసో కాపాడి పనివాడిగా పెట్టుకున్న ఫ్రైడే అడిగే ప్రశ్న చూడు: దేవుడు సైతానుకన్నా బలవంతుడైతే వాణ్ణి ఎందుకు చంపెయ్యడు? ఏం చెప్పాలో తోచక క్రూసో ముందు వినపడనట్టు నటిస్తాడు. నీ పుస్తకంలో అలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు. ఎవరైనా అడగబోతే నువ్వే ముందుకొచ్చి సర్దిచెబుతున్నావు.

నీవాడు ఓడెక్కకముందు ఎవరికి అన్యాయం చేశాడో ముందు తేల్చుకో. అది అతనికి తెలియకపోయినా ఫరవాలేదు, నీకు తెలిస్తే చాలు. అతని చేత పశ్చాత్తాపం చెప్పించడానికి తొందరపడకు. తిరగరాసి పంపు, చదువుతాను.