మిరప ఆకు ముడుచుకుంటే ముందు తిప్పి చూడండి

వైజాగ్ మురళీనగర్‌లో డాబా మీద కుండీల్లో మిరప, క్యాప్సికం వేశానని, కొత్త ఆకులన్నీ ముడుచుకుని పూత రాలిపోతోందని, రెండుసార్లు వేపనూనె కొట్టినా తగ్గలేదని రాశారు. పక్కింటివాళ్ళు వైరస్ అంటున్నారు, పీకేయాలా అని అడిగారు. ఇప్పుడే పీకకండి. నేను ఎంవీపీ కాలనీలో మేడ మీద చాలా ఏళ్ళుగా మిరప పెంచుతున్నాను. ముడత వచ్చిన మొక్కలన్నిటికీ వైరస్ ఉండదు, చాలావరకు మళ్ళీ చిగురిస్తాయి.

మా మావయ్యది గుంటూరు వైపు మిరప సేద్యం. ఆకు ఎటు ముడిచిందో చూడమని మొదట నేర్పింది ఆయనే. అంచులు పైకి లేచి ఆకు పడవలా అయితే దాన్ని పైముడత అంటారు. అది తామర పురుగుల (త్రిప్స్) పని. ఆకు అడుగున గీకినట్టు వెండి రంగు మచ్చలు, తర్వాత గోధుమ రంగు చారలు వస్తాయి. అనుమానం తీరాలంటే ఒక తెల్ల కాగితం కింద పెట్టి చిగురును, పూలను మెల్లగా తట్టండి. మిల్లీమీటరు పొడవున్న సన్నటి పసుపు పురుగులు పాకుతూ కనిపిస్తాయి. పూలలో నల్లవి గుంపుగా ఉంటే అది నల్ల తామర పురుగు. 2021-22లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప రైతుల్ని నిలువునా ముంచింది అదే. అది పూతలోనే కాపురం పెడుతుంది కాబట్టి పూత రాలుతుంటే పూలు విప్పి చూడడం మర్చిపోకండి.

అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, తొడిమ పొడుగ్గా సాగితే అది కింది ముడత. దీనికి కారణం తెల్లనల్లి (మైట్) అనే అతి చిన్న పురుగు. లెన్స్ లేకుండా కంటికి ఆనదు. వేడీ తేమా కలిసిన వాతావరణం దానికి బాగా నచ్చుతుంది. వర్షాకాలంలో మన వైజాగ్‌లో ఆ రెండింటికీ కొదవ లేదు కదా. మీ వేపనూనె పని చెయ్యకపోవడానికి కారణం ఇదే కావచ్చు. నల్లి బాగా ముదిరాక వేపనూనె ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఏది ఉన్నా మొదటి పని నీళ్ళతో కడగడం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నా వరకు సగం వైద్యం ఇదే. ఉదయాన్నే పైపు చివర వేలు అడ్డం పెట్టి, ఆకు అడుగు భాగానికి తగిలేలా కింది నుంచి పైకి కొట్టండి. వారానికి రెండుసార్లయినా చెయ్యండి. పురుగులతో పాటు దుమ్ము కూడా పోతుంది. ఆకుల మీద దుమ్ము పేరుకున్న చోట నల్లి జాతులు తొందరగా పెరుగుతాయి. బీచ్ రోడ్డుకి దగ్గరున్న ఇళ్ళలో ఉప్పు గాలికి ఆకు కొనలు మాడినట్టు అవుతాయి, దానికి కూడా ఈ స్నానమే మందు. బాగా చుట్టుకుపోయిన చిగుళ్ళను తుంచి కవర్లో కట్టి పారేయండి, కుండీలో మాత్రం వెయ్యకండి.

తామర పురుగులైతే వేపనూనె కొనసాగించండి, కానీ పద్ధతి మారాలి. లీటరు నీటికి 5 మి.లీ. నూనె తీసుకోండి. ముందుగా ఆ నూనెను కొంచెం కుంకుడుకాయ రసంలో తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, తర్వాత నీళ్ళు కలపండి. లేకపోతే నూనె పైకి తేలి ఒక్కచోటే పడి ఆకు మాడుతుంది. ఎండ దిగాక సాయంత్రం, ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. తామర పురుగు గుడ్లు ఆకు కణజాలం లోపల పెడుతుంది, పెద్ద పురుగుగా మారే ముందు ఉండే ప్యూపా దశ మట్టిలో గడుపుతుంది. మీరు కొట్టిన మందు ఆ రెండు చోట్లకీ చేరదు. అందుకే వారం వారం చొప్పున కనీసం నాలుగుసార్లు పడాలి. నీలం రంగు జిగురు అట్టలు కూడా కుండీల మధ్య వేలాడదీయండి.

నల్లి అయితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, మాస్కు, గ్లవ్స్ వేసుకుని కొట్టండి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు, ఎండ మండిపోతున్న రోజుల్లో అసలే వద్దు, ఆకులు కాలిపోతాయి. చేలలో కొట్టే ఘాటు మందులు మేడ మీదకి తేవద్దని నా గట్టి అభిప్రాయం. పిల్లలు తిరిగే చోటు, రోజూ కోసుకునే కాయలు. పైగా అవి అక్షింతల పురుగుల్ని (లేడీబగ్) కూడా చంపేస్తాయి. ఆకు రసం పీల్చే పేనుబంక పురుగుల్ని తినేది అవే. వాటి పిల్ల పురుగులు నల్లగా ముళ్ళతో భయంగా కనిపిస్తాయి, చూసి చంపకండి పాపం. కొమ్మల వెంట చీమల బారు ఉంటే పేనుబంక ఉన్నట్టే, ముందు చీమల దారి ఆపండి.

యూరియా వేస్తున్నారా? మానేయండి. నత్రజని ఎక్కువై లేతగా పెరిగిన ఆకు అంటే రసం పీల్చే పురుగులకు పండగ. పూత విషయానికొస్తే, ఏప్రిల్, మే నెలల్లో పురుగు లేకపోయినా రాలుతుంది, ముఖ్యంగా క్యాప్సికం. రాత్రిళ్ళు కూడా వేడి తగ్గకపోతే పిందె కట్టదు. షేడ్ నెట్ కొంత సాయం చేస్తుంది.

ఇక వైరస్. ఆకులు చిన్నవై గుత్తిలా దగ్గరకొచ్చి, ఈనెలు లావెక్కి, పసుపు తిరిగి, మొక్క గిడసబారిపోతే అప్పుడు అనుమానించాలి. కదిపితే తెల్లదోమలు ఎగురుతాయి, దాన్ని మోసుకొచ్చేది అవే. వైరస్‌కి మందు లేదు. ఆ ఒక్క మొక్కని తీసేసి, మిగతా వాటి దగ్గర పసుపు రంగు డబ్బా మూతలకు ఆముదం రాసి కట్టండి, దోమలు అంటుకుంటాయి.

ఇంకో మాట, ముడిచిన పాత ఆకు మళ్ళీ సాపు కాదు. అది చూసి టెన్షన్ పడి మందు మార్చకండి. కొత్తగా వచ్చే చిగురు తిన్నగా ఉందా లేదా అన్నదే చూడండి. మూడు వారాలకి కూడా కొత్త ఆకులు అలాగే ముడుస్తుంటే ఆకు అడుగు భాగం దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.