ప్రింట్ లైన్లు తీసేసే ముందు

బిడ్డా,

బత్తాయి తోట బోరు స్టార్టర్‌కు నువ్వే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కడుతున్నావని మీ నాయిన నిన్న ఫోన్‌లో చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో ఒక్క అక్షరం రావట్లేదని రెండు రాత్రులుగా పడుకోలేదట. మన ఇంట్లో స్టార్టర్ డబ్బా మూత తీసిన మొదటి ఆడపిల్లవు నువ్వే. మస్తు సంతోషమైంది, అంతే భయమూ పట్టుకుంది. అది త్రీఫేజ్ కరెంటు. లోపల ఏం జరుగుతుందో ల్యాప్‌టాప్‌కు రాసి పంపే ఆ ప్రింట్లన్నీ ఇంట్లో టేబుల్ మీదనే చూసుకో, బోర్డు చెబితే కరెంటు వేసి తీసే రిలేకు మోటార్ బదులు బల్బు పెట్టి. తోటలో తడి మట్టిలో చెప్పుల్లేకుండా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావని తెలిసిందా, బస్సెక్కి వచ్చి బోర్డు గుంజుకుపోతా.

ఏమీ రాకపోతే ముందు కేబుల్ మార్చు. చార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లుంటాయి. లైటు వెలుగుతుంది గానీ లోపల డేటా తీగలుండవు. పిచ్చి గుర్తులొస్తే బోర్డు పంపే వేగం, ల్యాప్‌టాప్ చదివే వేగం కలవలేదు. రీసెట్ నొక్కగానే ఆ బోర్డు తనంతట తాను సెకనుకు 115200 బిట్ల వేగంతో నాలుగు ముక్కలు చెబుతుంది. అవి శుభ్రంగా వచ్చి నీ మాటలే పాడైతే, ప్రోగ్రామ్‌లో వేగం చెప్పే సీరియల్ బిగిన్ లైనులో నువ్వు రాసిన అంకె చూసుకో. రిలే పడగానే 'బ్రౌన్‌ఔట్' అని వచ్చి మళ్లీ మొదటికొస్తే ప్రోగ్రామ్‌ను తిట్టకు, సప్లై చాలట్లేదు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నా టెన్షన్ ప్రింట్లు రావట్లేదని కాదు. అన్నీ మంచిగ వచ్చి, ఇక అక్కర్లేదని తీసేస్తావు చూడు, ఆ రోజు గురించి.

1999 ఎండాకాలంలో మర్రిగూడ దిక్కు ఒక రైతు తోటకు 89సీ51 అనే చిన్న కంప్యూటర్ చిప్‌తో కంట్రోలర్ చేశా. సామాను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నదే. అప్పుడు త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి వచ్చినా మోటార్ దానంతట అదే ఎక్కాలి, నీళ్లు అయిపోతే ఆగాలి. ఒట్టిగా తిరిగే మోటార్ తక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, అదే గుర్తు. కొలతను అంకెగా మార్చే ఏడీసీ0808 చిప్‌తో ముందు వోల్టేజీ, తర్వాత ఆంపియర్లు చదివించా. నెల రోజులు కంప్యూటర్‌లో ప్రింట్లు చూపించే హైపర్‌టెర్మినల్ ముందు కూర్చుని, మోటార్ బదులు పెట్టిన బల్బులు తగ్గించి పెంచి చూశా. తగ్గించిన ప్రతిసారీ ఆగింది.

బిగించే ముందు రాత్రి, తోటలో కంప్యూటర్ ఉండదు కదా అని ప్రింట్ లైన్లన్నీ తీసేశా. మళ్లీ పరీక్ష చేయలేదు. తీసిందే గానీ కొత్తగా పెట్టిందేముంది అనుకున్నా.

నాలుగో రోజు బోరు ఎండింది. మోటార్ ఆగలేదు. నేను పోయేసరికి పైపులు ఒక్కొక్కటే విప్పుతూ మోటార్‌ను పైకి తీస్తున్నారు. వైండింగ్ మాడిన వాసన. ఆ రైతు నన్నేమీ అనలేదు. మజ్జిగ చెంబు చేతికిచ్చి "ఎండకు పడొచ్చినవ్, కూసో సారూ" అన్నాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా నేను తల పైకెత్తలేదు.

కారణం వారానికి దొరికింది. చదవమని చెప్పాక ఆ ఏడీసీ చిప్‌కు లెక్క తేల్చడానికి సుమారు 100 మైక్రోసెకన్లు కావాలి. అంతసేపు ఆగమని నేనెక్కడా రాయలేదు. మధ్యలో ఉన్న 20 అక్షరాల ప్రింట్ లైనే ఆపుతూ వచ్చింది. 9600 వేగంలో అక్షరానికి ఒక మిల్లీసెకను, అంటే మొత్తం 20 మిల్లీసెకన్లు, కావలసినదానికి 200 రెట్లు. అది పోయేసరికి, ఆంపియర్లు అడిగితే అంతకుముందటి వోల్టేజీ అంకే చేతికొచ్చింది. అదెప్పుడూ ఎక్కువే. బోరులో నీళ్లున్నట్టే లెక్క.

వైండింగ్ డబ్బులు నేనే కట్టా. ఎక్కడి నుంచి తెచ్చానో మీ పెద్దమ్మను మాత్రం అడగకు.

అందుకే, ఒక్క ప్రింట్ తీసినా పరీక్ష మొదటి నుంచి చెయ్యి. పెడితే పనిచేసి, తీస్తే చేయట్లేదంటే, బద్ధకించి దాన్ని అక్కడే వదిలెయ్యకు. ఎవరికి టైం ఇస్తున్నదో వెతుకు. రాత్రి పదైనా ఫోన్ చెయ్యి, నాకెట్లాగూ నిద్ర పట్టదు.

ఆదివారం మీ నాయిన నల్గొండ వస్తాడట, నా పాత బోర్డు పంపిస్తా. చిప్ పక్కనుంచి ఒక ఎర్ర వైరు వంకరగా పోతుంది చూడు, లెక్క అయిపోయిందని చెప్పే పిన్ను నుంచి. అది తర్వాత వేసింది.

మీ పెద్దనాయిన